దేవి ఏ గ్రూపు తీసుకోవాలి

విశాఖపట్నం,
జాలరిపేట.

మావకు ఈశ్వరి రాస్తున్నది. ఇక్కడ అత్త, దేవి, నేను కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, బోటులో మనవాళ్ళూ ఒంట్లో బాగుండి, వేళకింత తింటున్నారని అనుకుంటున్నాను. కన్నబాబు రేపు గుజరాత్ రైలెక్కుతున్నాడని తెలిసి ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. తాండ్ర కూడా పంపాను. అందరికీ పెట్టు, ఒక్కడివే తినెయ్యకు.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవి చెబుతాను. అత్త మోకాలు కొంచెం నయం. సీతమ్మధార డాక్టరు రోజూ నడవమన్నాడు. అత్త వీధి చివరిదాకా నడిచి, వన్ టౌన్‌కి ఆటో ఎక్కి, చుట్టాలింట్లో టీ తాగి వచ్చి, నడిచొచ్చానని చెబుతోంది. రేకులు కారేచోట తారు పూయించాను. ఇక దేవి సంగతి. పదో తరగతి కాగానే బైపీసీలో వెయ్యాలి, డాక్టరు సీటుకి ఇప్పట్నుంచే ఏం చెయ్యాలో కనుక్కో అని రాశావు. కనుక్కోవడానికే స్కూలుకి వెళ్ళాను.

కామేశ్వరి టీచరు తల్లులందరినీ కూర్చోబెట్టింది. ఇంటర్లో ఏ గ్రూపు, తర్వాత ఏ కాలేజీ, దానికి ఏ పరీక్ష రాయాలి, ఇవన్నీ పదిలో ఉండగానే ఆలోచించుకోవాలంది. "మా దేవి డాక్టరేనండి," అన్నాను నేను. టీచరు దేవి వైపు చూసింది. దేవి తల దించుకుంది.

అందరూ వెళ్ళాక టీచరు నన్ను ఆపింది. సబ్బవరం దగ్గర ఓడలు ఎలా కట్టాలో నేర్పే యూనివర్సిటీ ఉంది కదా, పిల్లల్ని చూపించడానికి అక్కడికి తీసుకెళ్ళారట. మిగతావాళ్ళు ఫోటోలు దిగుతుంటే మన పిల్ల ఒక సారు వెనకాలే తిరిగిందట. "ఒడ్డు కాడ కెరటం కొట్టినా తిరగబడకండా మా పడవలు కట్టలేరేటండీ?" అని అడిగిందట. ఆ చదువుకి లెక్కలు కావాలి, ఎంపీసీ తీసుకోమ్మా అన్నాడట ఆయన.

నా తమ్ముడు నాగబాబు పడవ ఒడ్డు మీద నుంచి కనబడేంత దగ్గరలోనే తిరగబడి, వాడు పోయాడు కదా మావా. అప్పుడు దేవి నా చీర పట్టుకుని అక్కడే నిలబడింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. చిన్నపిల్ల, మర్చిపోయిందనుకున్నాను.

ఇంటికొచ్చి కేకలేశాను. "మీ నాన్న ఉప్పునీళ్ళలో నానుతన్నాడు. కూతుర్ని డాక్టర్ని సేత్తానని బోటంతా సెప్పుకుంటన్నాడు. నీకు మళ్ళీ ఆ సముద్రమే కావాలేటే?"

"నాన్నకి సెప్పకమ్మా. బైపీసీయే సదువుతాను."

"మరి ఆ సారునెందుకడిగినావు?"

దేవి మెల్లగా అంది: "నాను డాక్టరైతే, మావయ్యలాంటోళ్ళని ఒడ్డుకి తెచ్చినాక కదా నాకాడికి తెత్తారు. అప్పుడింక సెయ్యడానికేటుంటాదమ్మా?"

అన్నం కలిపి దానికి నోట్లో పెట్టాను. చిన్నప్పుడు పెట్టడమే, మళ్ళీ ఇప్పుడు. వద్దనకుండా తింది.

మావా, ఇంతసేపూ రాయలేక వెనక్కి తోస్తున్న మాట ఒకటుంది. నిన్ను అడక్కుండానే నేను ఒప్పేసుకున్నాను. మర్నాడు స్కూలుకెళ్ళి ఎంపీసీ అని చెప్పేశాను. ఆ యూనివర్సిటీ పరీక్షకి ఇంటర్ రెండేళ్ళూ ఎలా చదవాలో టీచరు దగ్గరుండి చూస్తానంది. డాక్టరు చదువని నువ్వు అంటున్నావు గానీ, ఆ మాట నీ చేత అనిపించింది నా భయమే. ఇంట్లో ఒక్కరైనా సముద్రం వైపు చూడకుండా బతకాలని నా ఆశ. అది మాత్రం సముద్రాన్ని చూస్తూనే పెరిగింది. నేను కళ్ళు మూసుకున్న చోటే అది కళ్ళు తెరుచుకుని నిలబడింది. దాన్ని ఎలా వద్దనను?

నీకు కోపం వస్తే నన్ను తిట్టు, పడతాను. దాన్ని ఏమీ అనకు. ఫోన్లో చెబుదామంటే ఇక్కడ అది పక్కనే ఉంటుంది, అక్కడ నీ చుట్టూ బోటువాళ్ళందరూ ఉంటారు. అందుకే ఉత్తరం.

ఈసారి ఒడ్డుకొచ్చి ఫోన్ చేసినప్పుడు నీకేమీ తెలియనట్టు, "ఏటవ్వాలనుందే నీకు?" అని అడుగు. అడిగి ఊరుకో. అడిగిందానికి నువ్వే జవాబు చెప్పెయ్యడం నీకలవాటు. నీతో ఆ మాట చెప్పాలంటే అది ధైర్యం కూడగట్టుకోవాలి. ఎంతసేపైనా చప్పుడు లేకపోతే ఫోన్ కట్టయిందనుకుని పెట్టెయ్యకు మావా. అది అక్కడే ఉంటుంది.

ఇట్లు,
దేవి వాళ్ళమ్మ,
నీ ఈశ్వరి.