డిస్కు మొత్తం చెరిపెయ్యమంటావా?

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్ చేస్తే కంపెనీలు వింటాయంటావుగా, అందుకే ఉత్తరం. నువ్వు రాసిచ్చినట్టే, ప్రెస్సులో నా కంప్యూటర్లో కంపెనీల సిస్టమ్‌కు బదులు నీ ఉచిత లినక్స్ పెట్టాను. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర, మిణుకుమనే గీత. "డిస్కు మొత్తం చెరిపెయ్యమంటావా?" అనడిగింది. కళ్లు మూసుకుని అవునన్నాను. అది మూడుముక్కల్లో మాట్లాడినా చెప్పిన మాట వింటోంది, నీలా కాదు.

అక్క

ప్రియమైన అక్కా,

గెంతులేశాను! అద్దె సాఫ్ట్‌వేర్ సంకెళ్లు తెంచిన మొదటి మనిషి మా ఇంటి మనిషే! నీ ఉత్తరం మా పఠన బృందంలో పైకి చదివాను. మీ ప్రెస్సులో మిగతా కంప్యూటర్లూ కడిగెయ్యి. నీ తెర ఫొటో పంపు.

గర్వంతో, తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

ఇదిగో ఫొటో. అందరికీ చదివి వినిపించావా? చాలు నాయనా, ఇక ఇది మనిద్దరి మధ్యే ఉండనీ.

అక్క

అక్కా,

'ప్రియమైన' రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫొటోలో నల్ల తెర పైన సన్నటి పట్టీ, దాని చివర మూసే గుర్తు! అంటే పాత సిస్టమ్ పొట్టలో ఉత్తుత్తి కంప్యూటర్ కట్టి, లినక్స్‌ను అందులో కాపురం పెట్టావు. వర్చువల్ మెషీన్! దొర పెరట్లో విప్లవం! నమ్మించి గొంతు కోశావు. నీ ఉత్తరం అందేసరికే మూడు వందల కరపత్రాలు పంచేశాను, మీ ఊళ్లో కూడా: "ప్రెస్సులో కిటికీ పక్కన అక్షరాలు కూర్చే సోదరి డిస్కు మొత్తం చెరిపి తన యంత్రాన్ని విముక్తం చేసింది" అని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకు తిరగను?

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

నాకు రాయడానికి చెయ్యి వస్తోంది, అలవాటు.

చెరిపింది ఆ ఉత్తుత్తి డిస్కునే. ఆ ముక్క దాచాను, నిజమే. నీ సంబరం చెడగొట్టబుద్ధి కాలేదు. ప్రెస్సు కంప్యూటర్ నా సొత్తా కడిగెయ్యడానికి? సగం కూర్చిన బడి పుస్తకాలున్నాయి అందులో. నువ్వంతగా వెర్రెత్తిపోయేది ఏమిటో చూద్దామని, భోజనాల వేళ పెట్టుకున్నాను.

నీ కరపత్రం మా ప్రెస్సు ఓనర్ బల్ల మీదికి చేరింది. కిటికీ పక్కన కూర్చునేది నేనొక్కదాన్నే.

"అన్నీ చెరిపేశావటగా?" అన్నారు. తెరిచి చూపించాను, ఒక్క ఫైలూ పోలేదు.

"ఇవాళ పోలేదమ్మా. రేపు మీ తమ్ముడు చెరిపెయ్యమంటే?" అన్నారు. కరపత్రం కింద నీ పేరుందిగా.

రేపట్నించి రానక్కర్లేదట. లేచేముందు నీ లినక్స్‌ను తీసేశాను. ఒక్క నొక్కు.

కంపెనీలు వింటాయని ఫోన్ వద్దన్నావు, మెసేజ్ వద్దన్నావు. నమ్మి ఉత్తరం రాశాను. దాన్ని మూడు వందల మందికి పంచింది ఏ కంపెనీరా?

అక్క