టీచరమ్మ రాయికి అక్షరాలు

నంద్యాల, మంగళవారం, డీటీపీ షాపు మూసినాక

కొత్త కంప్యూటర్‌ను ఎత్తి రోడ్డు మీద పడేయాలన్నంత కోపంగా ఉండాది. పాతదాంట్లోని ఫైళ్లన్నీ వచ్చినాయి గానీ, తెలుగు అక్షరాల ప్రోగ్రాం దీంట్లో నడవదంట. ఏ ఫైలు తెరిచినా అక్షరాల చోట ఖాళీ డబ్బాలే. పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి కూర్చున్యా.

ఆళ్లగడ్డ శిల్పి అన్న ఫోన్ చేసినాడు. "మేరమ్మ టీచర్ సమాధి రాయికి అక్షరాలు పంపలేదేందప్పా? వాళ్లాయన రాయి మీద ఉండేటివే కావాలంటాండారు ఇంట్లోవాళ్లు."

వేరే రకం అక్షరాలు పంపుతానంటే, "రెండు రాళ్లూ పక్కపక్కనే ఉంటాయి, యాడ కుదురుతాది?" అన్యాడు.

నిజమే. వాళ్లాయన రాయికి అక్షరాలు చేయించుకున్న రోజే ఆయమ్మ తన పేరు కూడా నాతో టైపు చేయించింది. స్క్రీన్ మీద చూసుకొని, "బాగుందప్పా, దాచిపెట్టు" అనింది.

దాచిపెట్టినా. ఫైలు ఈడనే ఉండాది. తెరిస్తే డబ్బాలు.