పోయొస్త అనే లైను

మంగళవారం, రాత్రి

నా రాత వంకర, తప్పులు గూడ ఉంటయి. చదివేటోళ్లు జర ఓర్సుకోవాలె.

పార్కింగ్ కంపెనీకి మా అల్లుడు జావాస్క్రిప్ట్‌ల రాసిన సర్వర్ ప్రోగ్రాంను ఇయ్యాల పొద్దుగాల బిడ్డ సుజాత సాపు జేసింది. ప్రోగ్రాం ఏ పని జేసినా ఒక లైను రాసి పెడ్తదట, దాన్నే లాగ్ అంటరు. గవి తలో చోట పడుతుండె. ఇగ అన్నీ క్లౌడ్‌ల ఒక్క కాడికే వస్తయి.

సర్వర్ ఆగినప్పుడల్లా "పోయొస్త" అని పడేటట్టు అల్లుడే పెట్టిండు. గడప దాటేటప్పుడు "పోతున్న అనకు అల్లుడా" అని నేను కోపం జేస్తే, నవ్వులాటకు పెట్టిండు. ఆయన చనిపోయి ఏడాదయింది.

"ఈ లైను అక్కర లేదు బాపు" అని సుజాత తీసేసింది. సర్వర్ ఆపి మల్ల నడిపింది. ఇంటి మీదికెళ్లి విమానం పోయింది, కిటికీలు అదిరినయి. గప్పుడే కొత్త లైను పడ్డది: "వచ్చిన."

"నువ్వే రాసినవా బిడ్డా?"

"లే బాపు. ఆయన గూడ గిట్ల రాయలే."

అంతా వెతికింది. ఆ మాట ప్రోగ్రాంల ఎక్కడ లేదు. అప్పటి సంది బిడ్డ తలుపు దిక్కే చూస్తున్నది, బువ్వ ముట్టలే.

పోయొస్త అన్నోడు రావాలె గదా...

అల్లుడా, తీసిన లైను మల్ల పెట్టమంటవా? జల్ది జవాబియ్యి.