నేనే వదిలేశాను

గురువారం, ఖురం, గల్ఫ్

చేతి కట్టు విప్పాక పెద్ద మేడమ్, అంటే మా మేడమ్ వాళ్లమ్మ, ఈరోజే మళ్లీ ఎక్సర్‌సైజ్ బాల్ తెమ్మంది. ఆ నీలం బంతిని తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దానిమీద కూర్చుని నడుము సాగదీస్తుంటే వెనకనుంచి పట్టుకోవడం నా డ్యూటీ. ఆ రోజు కడపలో మా ఇంటి నుంచి ఫోన్ వస్తే వదిలేశాను. ఆవిడ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. బంతి జారిందని ఇంట్లో అందరికీ చెప్పాను. కళ్లు మూస్తే ఇప్పటికీ ఆ చప్పుడే.

ఈరోజు ఏడుపు ఆగలేదు. "మామా, బంతి జారలేదు. నేనే వదిలేశాను" అని వచ్చీరాని అరబీలో చెప్పేశాను. ఇక్కడ మామా అంటే అమ్మా అనే.

"మాలూమ్, నాకు తెలుసు," అంది ఆవిడ. "నా కూతురికి తెలిస్తే నిన్ను పంపించేస్తుంది. గట్టిగా పట్టుకో."

తెలిసి కూడా ఇన్నాళ్లూ నా చేత్తో పెట్టిన అన్నమే తింది. నిద్ర ఎలా పడుతుంది నాకు...