గౌరికి చింతకాయలు

శుక్రవారం, ఐరాల

ఈరోజు పశువుల డాక్టరమ్మ మా గుర్రం గౌరికి స్కానింగ్ చేసింది. తెరమీద నల్లటి చుక్క, అందులో మిణుకుమిణుకుమంటూ బుజ్జి గుండె. "చూలు నిలిచింది. ఒకటే పిల్ల" అంది. పోయినసారి కవలలు కావడంతో రెండూ దక్కలేదు. ఆ "ఒకటే" వినగానే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంకా జారిపోవచ్చట, ఆ భయం ఉండనే ఉంది...

"మూడు నెలలు నిండేదాకా ఎవురికీ సెప్పొద్దు పాపా, దిష్టి తగుల్తాది" అన్నాడు నాయన.

సాయంత్రం పాలకని వెళితే అంగడి రత్నమ్మ నా చేతిలో పొట్లం పెట్టింది. "సింతకాయలు, మీ గౌరికి. మీ నాయన సెప్పినాడులే. ఎవురికీ సెప్పొద్దని కూడా సెప్పినాడు."

గౌరి వాసన చూసి మొహం తిప్పుకుంది. నాయనే ఉప్పద్దుకుని అన్నీ తినేశాడు.