ముందు వరుస పాన్లు

లావెంటిల్,
16 ఫిబ్రవరి 1994, బూడిద బుధవారం

ఎల్డ్రిక్ అన్నకు,

నీ చెల్లెలు వర్నా గౌరవంతో పలకరిస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. టొబాగో గాలికి నీ మోకాలి నొప్పి తగ్గిందనుకుంటాను.

నువ్వు కోపంతో నూనె పీపాల్ని పాన్ వాద్యాలుగా మలిచే మన బ్యాండు యార్డు వదిలి వెళ్ళాక జరిగింది నీకెవరూ రాసి ఉండరు. నువ్వు వెళ్ళేముందు, శాన్ ఫెర్నాండో నుంచి వచ్చి శ్రుతి పనిలో చేరిన జోసెట్‌ని మన పాన్లకి శ్రుతి చేసే ఆస్బర్ట్ మామ మెచ్చుకున్నప్పుడు, "నీ నోటి దగ్గర కూడు నువ్వే తీసి ఆ పిల్లకి పెడుతున్నావు మామా," అన్నావు. ఆయన నవ్వేశాడు.

పీపాలకు శ్రుతి చేయడం ఆడదాని పని కాదని, మరీ కావాలంటే వెనక వరుసవి ఇద్దామని బ్యాండు కమిటీ పట్టుబట్టింది. రాగం మోసే ముందు వరుస పాన్లు మామ సుత్తి తప్ప ఎరగవు కదా. క్రిస్మస్ కాగానే మామ కమిటీ ముందుకెళ్ళి, తన కుడి చెవి పోయిందనీ, సన్నని స్వరాలు అందడం లేదనీ చెప్పాడు. జోసెట్ చేయకపోతే కార్నివాల్ పోటీ ఫైనల్స్‌కి పాన్లే ఉండవన్నాడు. మొహాలు వేలాడేసుకుని ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఆమె సుత్తి పట్టుకుంటే మామ పీపా కదలకుండా పట్టుకునేవాడు. మనవాళ్ళు ఆయన వెనక చెవి దగ్గర చెయ్యి పెట్టి వెక్కిరించేవాళ్ళు. చెవిటాయనకి తగ్గ శిష్యురాలంటూ ఇద్దర్నీ ఏడిపించారు. ఆయన పట్టించుకోలేదు.

ఓ సాయంత్రం జోసెట్ తన మొదటి పాన్ నా ముందు పెట్టి వాయించమంది. ఒక్క దెబ్బ వేశాను. ఎలా రాయను అన్నా! అది నూనె పీపాలోంచి వచ్చినట్టు లేదు. యార్డంతా నిండి, మెల్లగా కొండ మీది ఇళ్ళ దాకా ఎక్కిపోయింది. శనగల కూర పెట్టిన డబుల్స్ రొట్టెలు అమ్మే ఇంద్రాణి చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అందరికన్నా ఎక్కువ వెక్కిరించిన రాస్కో టోపీ తీసి, ఇది మన పీపాయేనా అని నెమ్మదిగా అడిగాడు. ఇన్నేళ్ళుగా నేను వాయించింది ఏమిటా అనిపించింది.

ఫైనల్స్ నాడు బండి కుదుపుకి నా పాన్‌లో ఒక స్వరం జారింది. అందరూ అలవాటుగా మామ దగ్గరికి పరుగెత్తారు. ఆయన జోసెట్ వైపు చూపించాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గోలలోనే చెవి ఆనించి, సుత్తితో తట్టి సరిచేసింది.

బహుమతి మనకి రాలేదు. కానీ మేం ఆపాక సవన్నా మైదానంలో జనం కాసేపు చప్పట్లు కొట్టడమే మరిచిపోయారు. ఇప్పుడు వేరే బ్యాండ్లవాళ్ళు జోసెట్ కోసం మన గేటు ముందు నిలబడుతున్నారు.

ఒక్కసారి వచ్చి విని వెళ్ళు.

ప్రేమతో,
వర్నా

తా.క. ఉత్తరం మడిచిపెట్టి కాసేపు వాయించుకున్నాను. రోడ్డు మీద పోతున్న మామ కిటికీ దగ్గర ఆగి, పై స్వరం వెంట్రుకవాసి దిగింది, జోసెట్‌కి చూపించమన్నాడు. నాకే తెలియని తేడా అది. నీ చెవి పోయిందన్నావు కదా మామా అన్నాను. అప్పుడు గొంతు తగ్గించి ఇలా అన్నాడు: "కమిటీకి చెప్పకమ్మా. ఇంకో ఏడాది నన్ను చెవిటివాడిగానే ఉండనీ. ఈలోగా ఆమె చెయ్యి లేందే వాళ్ళకి పని గడవకుండా అవుతుంది."