ఎనిమిదిలో సన్న గీత

లాల్‌దర్వాజా,
ఆదివారం.

నందన్నకి,

నీ చెల్లె నమస్తే. ఇక్కడ అందరం బాగున్నామని రాయమన్నాడు బాపు. రాశాను. నీ పటాలం ఉన్న మంచుకొండ మీద చలి తగ్గిందా? అమ్మ పంపిన ఉన్ని సాక్సులు అందాయా?

నేను కొత్తగా గీస్తున్న అక్షరాల గురించి అడిగావు కదా. ఇంగ్లీషు అక్షరాలన్నీ, అంకెలూ పూర్తయ్యాయి. ప్రతి అక్షరం కాళ్ల చివర చిన్న పాదాలు పెట్టాను. వాటి నుంచి తీగలు మెలికలు తిరుగుతాయి. ఆ మెలికలు నాయనమ్మ ముగ్గులోంచి తీసుకున్నవే. ఆమె వేళ్ల సందులోంచి పిండి దారంలా జారుతుంది కదా, అలాగే ఒక గీత లావు, ఇంకో గీత వెంట్రుకంత. ఎక్కడ పనికొస్తాయన్నావు. షాపు బోర్డుకి, పెళ్లికార్డు మీద పేర్లకి, మిఠాయి డబ్బా మూతకి. ఒకటి రెండు మాటలే, అవీ పెద్దగా రాయాలి. చిన్నగా రాస్తే సన్న గీతలు కనిపించవు. ఇది నాకు ముందే తెలుసన్నా.

నాయనమ్మ కళ్లలో మందు వేస్తున్నామా అని కూడా అడిగావు. నీకు చెప్పొద్దన్నాడు బాపు. కానీ దాచలేను. పోయిన సోమవారం గుడికని వెళ్లిన నాయనమ్మ తిరిగి రాలేదు. ఈమధ్య మతిమరుపు బాగా ఎక్కువైంది. పోలీసులకి చెప్పాం, ఆస్పత్రులన్నీ తిరిగాం. బాపు నయాపూల్ వంతెన మీద నిలబడి వచ్చేపోయేవాళ్లకి ఫోటో చూపిస్తున్నాడు. అమ్మ అన్నం వండుతుంది, పెట్టడం మర్చిపోతుంది.

పోస్టర్ నన్నే చేయమన్నారు. ఫోటో, కింద పేరు, గల్లీ, బాపు నంబరు. అన్నీ నా అక్షరాల్లోనే పెట్టాను. అందరూ నా అక్షరాలు చూస్తారనిపించింది. అలాంటప్పుడు కూడా అదే అనిపించింది నాకు. జిరాక్స్ షాపు ప్రేమ్‌రాజ్ భాయ్, "ఏంది మున్నీ, షాదీ కార్డా?" అని, ఫోటో చూసి గబగబా కాపీలు తీశాడు.

నిన్న ఎల్లప్ప అనే ఆయన ఇంటికొచ్చాడు. బహదూర్‌పురాలో జూ దగ్గర జామకాయలు అమ్ముతాడు. చేతిలో గోడ మీంచి చింపిన పోస్టర్ ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"ముసలమ్మ నా బండి కాడ్నే కూసున్నది బిడ్డా. ఫోన్ జేస్తే ఎవరో రాంగ్ నంబర్ అన్నరు. మా నందు వస్తడు, తీస్కపోతడు అనుకుంట కూసున్నది. నేను కాయలు దెచ్చేటాలకు లేదు."

పోస్టర్ తీసుకుని చూశాను. బాపు నంబరులోని ఎనిమిదిలో ఎడమవైపు సన్న గీత జిరాక్స్‌లో పడలేదు. అది మూడైపోయింది.

జూ దగ్గర ఎల్లప్ప బండి దగ్గర కనిపించిందట అని మాత్రం బాపుకి చెప్పాను. అక్కడికి పరుగెత్తాడు. చీకటిపడ్డాక ఒక్కడే వచ్చాడు, ఎల్లప్ప బండి కూడా కనబడలేదట.

"వాడు ఫోనెందుకు జెయ్యలేదంట?"

"తెల్వది బాపు."

అప్పటి నుంచి ఎల్లప్పని తిడుతూనే ఉన్నాడు. ఎనిమిది మూడైన సంగతి ఎవరికీ తెలియదు, నీకు తప్ప. ఏం చేయాలో నువ్వు చెప్పినా, నీ జవాబు ఎప్పటికొస్తుందో.

పాత పోస్టర్ల మీద మామూలు లావు అక్షరాలతో కొత్తవి అంటించాను. ఇల్లు గుర్తుపడుతుందేమో అని, పొద్దున్నే వాకిట్లో ఆమె ముగ్గే వేస్తున్నాను. దూరానికి కూడా కనిపించాలని గీత లావుగా లాగుతున్నాను. వచ్చి చూస్తే, గింత లావు గీతేందే అని ఆమె తిడుతుంది. వేయడం అయ్యాక కూడా కాసేపు అక్కడే నిలబడుతున్నాను.

ఇట్లు,
నీ చెల్లె
మున్నీ